ఊ కొట్టినవాడు

హీనాకి ఉద్యోగం నేనే మాట్లాడాను. దాని పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలే కాలేదు. రెండు వేల అయిదు, ఫిబ్రవరి నెల. మార్టూరులో మా గ్రానైట్ పాలిష్ యూనిట్ మేనేజరు లక్ష్మీకాంత్ గారు టీ తాగడానికి బయటికి రావడం చూసుకుని వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మా అమ్మాయి మే నెలకి బడి అయిపోయి వచ్చేస్తుందండి. అంచులు రుద్దే పనిలో పెట్టుకోండి."

"ఆడపిల్ల. ఈ చప్పుడుకి ఆగుతుందా?" అన్నాడాయన. గట్టిగా అరిచే అన్నాడు. మా దగ్గర అందరూ అరిచే మాట్లాడతారు.

"పుట్టు చెవిటిదండి. దానికి చప్పుడేం చేస్తుంది?"

ఆయన గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళినవాడు ఆగి, నా మొహం చూసి నవ్వాడు. "అయితే తీసుకురా. వచ్చినవాళ్ళంతా రెండో నెలకి చెవులు మూసుకుని పారిపోతున్నారు. మీ అమ్మాయి పారిపోదులే."

పక్క మిషన్ పేరయ్య నా భుజం మీద చరిచాడు. "ఏంది బావా, మొహం అట్టా వెలిగిపోతోంది? కలెక్టరు పోస్టు ఇప్పించినట్టు!"

వాడి ఎగతాళి వాడిది. నాకు మాత్రం నిజంగానే అంత సంతోషంగా ఉంది. ఈ పిల్ల ఏమైపోతుందన్న ప్రశ్న పదిహేడేళ్ళుగా నన్ను కొరుక్కు తింటోంది. అది ఒక గ్లాసు టీ అయ్యేలోపు తేలిపోయింది. చెవులు ఉన్నవాళ్ళని చెడగొట్టే చోటు, చెవులు లేని పిల్లని చెడగొట్టేదేముంది అనుకున్నాను. ఇంత తెలివైన ఆలోచన ఇంకెవరికీ రాలేదని కూడా అనుకున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి. అప్పటికి పదహారేళ్ళుగా కటింగ్ మిషన్ పక్కన నిలబడి ఉన్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో మనుషుల మాట నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. నా భార్య రహిమున్నీసాకి కూడా చెప్పలేదు. పైన క్రేనుకి రాయి వేలాడుతూ కదిలేటప్పుడు 'జరుగు' అన్న కేక వినపడనివాణ్ణి మిషన్ దగ్గర ఉంచరు. బయట పెరట్లో పలకలు కడిగే పనికి తోసేస్తారు. అది పని రాని వాళ్ళకి ఇచ్చే పని.

అందుకని ఎదుటివాడి పెదాలు చూడటం నేర్చుకున్నాను. అందినంత అందుకునేవాణ్ణి, అందనప్పుడు 'ఊ' అనేవాణ్ణి. ఊ అన్నవాడి మీద ఎవరికీ అనుమానం రాదు. మనవాళ్ళు మాట్లాడేటప్పుడు ఎదుటివాడు ఊ కొడుతున్నాడా లేదా అనే చూస్తారు, వాడి బుర్రకెక్కిందా లేదా అని చూడరు.

మార్చి మొదట్లో హీనా బడి నుంచి ఉత్తరం వచ్చింది. గుంటూరు దాటాక పెదకాకాని వైపు ఉంటుంది ఆ చెవిటి పిల్లల బడి. ఏడేళ్ళ వయసులో వేశాం, అక్కడే హాస్టల్లో ఉండి చదివింది. బడి వ్యవహారాలన్నీ రహిమున్నీసావే. సైగలు కూడా తనే నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు. బజార్లో ఆ పిల్ల చేతులు తిప్పుతుంటే జనం ఆగి చూసేవాళ్ళు. 'దించు' అని దాని చేతుల మీద కొట్టేవాణ్ణి.

రహిమున్నీసా ఉత్తరం నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పింది. "పది అయిపోయిన పిల్లలు ముందుముందు ఏం చదువుతారు, ఏం పని చేస్తారు, ఎక్కడ ఉంటారు, అన్నీ కూర్చుని రాస్తారంట. ఇంట్లోవాళ్ళు రావాలంట."

"రాసేదేముంది? పని నేను చూశాను కదా."

"ఆ మాటే వెళ్ళి చెప్పు. నాకు కుదరదయ్యా. మిరపకోత మధ్యలో ముఠా వదిలి వెళితే మళ్ళీ పిలవరు."

నాకు ఒళ్ళు మండింది. నా గురించి ఎవడు కూర్చుని కాగితం రాశాడు? ఆరో తరగతి సగంలో మా నాన్న నా పుస్తకాల సంచి చూరులో దోపి దూదేకే విల్లు చేతికిచ్చాడు. ఊరూరూ తిరిగి పరుపులు కుట్టాం. దూది మిషన్లు వచ్చాయి, విల్లు పోయింది. రాళ్ళ మిషన్లు వచ్చాయి, నేను పోయి వాటి దగ్గర నిలబడ్డాను. ఎవడన్నా అడిగాడా, ఏరా ఖాజావలీ, నీకేం కావాలిరా అని?

అయినా వెళ్ళాను. ఉద్యోగం చూశానని చెప్పుకోవాలని ఉంది.

రేకుల కప్పు గది. పైన ఫ్యాను. బల్లకి అటు రెబ్కా టీచరు, ఇటు నేను, పక్కన హీనా. రెబ్కా టీచరు సన్నగా, మెత్తటి గొంతుతో మాట్లాడే మనిషట. మెత్తటి గొంతన్న సంగతి రహిమున్నీసా చెప్పింది, నాకు వినపడలేదు. చేతులతో హీనాకి చెబుతూ నోటితో నాకు చెబుతోంది. ముందు నేనే అందుకున్నాను.

"పని చూశానమ్మా. మా యూనిట్‌లోనే. మే నెల నుంచి రమ్మన్నారు. నా కళ్ళ ముందే ఉంటుంది."

టీచరు చేతులు ఆ మాట హీనాకి చేరవేశాయి. హీనా మొహంలో ఏమీ కదల్లేదు. టీచరు ఒక కాగితం ముందుకు లాక్కుని తల వంచి రాస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. పెదాలు కనపడవు. ఫ్యాను ఒకటి గిరగిరమంటోంది. ఏదో పెద్దదే చెప్పి ఒకసారి తలెత్తి చూసింది.

"ఊ," అన్నాను.

మళ్ళీ రాసింది, మళ్ళీ ఏదో అడిగింది.

"ఊ. అలాగేనమ్మా."

మూడోసారి కాస్త అనుమానంగా చూసినట్టు అనిపించింది. అందుకని ఈసారి తల కూడా గట్టిగా ఊపాను. "మీరెట్టా అంటే అట్టా. పెద్దవాళ్ళు మీరు."

టీచరు మొహం విప్పారింది. కాగితం నా వైపు తిప్పి పెన్ను ఇచ్చింది. నేను పెన్ను మూత తీశాను.

హీనా కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

టీచరు వైపు తిరిగి ఒక చేత్తోనే ఏదో చెప్పింది. రెండో చెయ్యి కాగితం మీద నుంచి తియ్యలేదు. టీచరు చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. నన్ను చూసింది. హీనాని చూసింది. తర్వాత ఇంకో తెల్లకాగితం తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలు రాసి నా ముందు పెట్టింది.

'మీరు ఇప్పుడు దేనికి ఒప్పుకున్నారో చెప్పగలరా?'

"సెలవులకి పిల్లని ఇంటికి పంపిస్తామన్నారు," అన్నాను.

ఆవిడ కింద రాసింది. 'హీనా గుంటూరులో ఉండటానికి ఒప్పుకున్నారు. మా బడిలో చదివిన ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉంటుంది. డీటీపీ సెంటర్లో తెలుగు టైపు పని నేర్చుకుంటూ చేస్తుంది. ఇంటర్ ప్రైవేటుగా కడుతుంది. మూడింటికీ ఊ అన్నారు.'

చదవడం నాకు నెమ్మది. చివరి మాట దాకా వెళ్ళి, పెన్నుకి మూత పెట్టేశాను.

"ఇప్పుడు ఈ పిల్ల ఏమంది మీతో?" అని అడిగాను.

టీచరు హీనా వంక చూసింది, చెప్పమంటావా అన్నట్టు. హీనా తలూపింది. టీచరు రాసింది.

'మా నాన్నకి వినపడటం లేదు. ఊ కొడుతున్నాడు. మేం బయటివాళ్ళ దగ్గర అలాగే చేస్తాం, అందుకే నాకు తెలుసు. ఇలాంటి ఊ నాకు వద్దు.'

"ఎప్పటి నుంచి తెలుసంట?" నా గొంతు నాకే తెలియలేదు.

ఈసారి హీనా చేతులు చాలాసేపు కదిలాయి. టీచరు రాయడానికి ముందు ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

'రెండేళ్ళుగా. రెండేళ్ళ నుంచే నాన్న నా మొహం చూస్తున్నాడు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.'

కుర్చీ వెనక్కి పడేలా లేచాను. "ఎవరు చెవిటోడు? నేనా చెవిటోణ్ణి? ఇన్నేళ్ళు తిండి పెట్టి పెంచితే నన్నా అంటున్నారు?" ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు, కానీ గొంతు నరాలు తెగినట్టు నొప్పి పుట్టింది. కిటికీ అవతల వరండాలో ముప్పై మంది పిల్లలు వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. అంత అరుపుకి ఒక్క తల కూడా ఇటు తిరగలేదు.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. మిర్చి యార్డు దగ్గర ఘాటుకి బస్సులో అందరూ దగ్గుతుంటే నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. ఆ ఘాటు ఉండబట్టి బతికిపోయాను.

"ఏం రాశారు?" అని అడిగింది రహిమున్నీసా.

"ఏముంది, మామూలే," అన్నాను.

ఏప్రిల్ చివర్లో హీనా పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది. ఆ కాగితం దాని నోటు పుస్తకంలో మడతపెట్టి ఉంది. మే నెలాఖరులోపు పంపాలి. దాని గురించి నన్ను అడగలేదు, వాళ్ళమ్మతో అడిగించలేదు. పోట్లాడుతుందనుకుని నేను సిద్ధంగా ఉన్నాను. అది నోటు పుస్తకంలో రాసి చూపించింది.

'నాన్న మిషన్ చూడాలి. నాలుగు రోజులు వస్తాను.'

తీసుకెళ్ళాను. నాలుగు రోజులు చేస్తే అదే అలవాటవుతుందిలే అనుకున్నాను.

మొదటి గంటలోనే నా పొగరుకి దెబ్బ తగిలింది. హీనా లోపలికి వచ్చి ఒక మూల నిలబడి అందరినీ చూస్తోంది. నేను పేరయ్యకి పిడికిలి ఎత్తి చూపించాను, ఆపమని. పేరయ్య రెండు వేళ్ళు నోటి దగ్గర పెట్టాడు, టీకి పోదామని. అవతల క్రేను తిప్పేవాడికి ఒకడు అరచెయ్యి తిప్పి తిప్పి చూపిస్తున్నాడు, ఎత్తు, ఇంకొంచెం, చాలు, దించు. ఆ రొదలో నోటి మాట ఎవడికి వినపడుతుంది? మా పని మొత్తం చేతులతోనే జరుగుతుంది. ఎప్పటి నుంచో అంతే. హీనా నన్ను చూసి, నా పిడికిలి లాగే పిడికిలి ఎత్తి, పొట్ట పట్టుకుని నవ్వింది.

పదేళ్ళు ఆ పిల్ల చేతుల మీద కొట్టాను. దేనికి కొట్టానో అదే పదహారేళ్ళుగా కూలికి చేస్తున్నాను. నాకది ఒక్కనాడూ తట్టలేదు.

రెండో రోజు దాన్ని నా పలకకి అవతలి వైపు నిలబెట్టారు. ఇద్దరం ఎదురెదురు. నా వెనక ఉన్నవాళ్ళంతా దాని ముందుంటారు కదా. ఎవడన్నా వెనక నుంచి నన్ను పిలిస్తే దానికి పెదాలు కనపడేవి. గడ్డంతో చూపించేది, నేను తిరిగేవాణ్ణి. నీళ్ళ పైపు కట్టెయ్యమంటే చెప్పేది. పైన రాయి కదిలితే నాకన్నా ముందు అదే చూసి అరచెయ్యి అడ్డం ఊపేది. మూడో రోజుకి నేను పెదాల కోసం వెతుక్కోవడం మానేశాను. మెడ నొప్పి పోయింది. మధ్యాహ్నం అన్నం రుచిగా ఉంది.

"ఏం బావా, ఈల వేస్తున్నావు?" అన్నాడు పేరయ్య నా ఎదురుగా వచ్చి. నేను ఈల వేస్తున్నానని నాకే తెలియదు.

అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. ఇది ఇక్కడే ఉండిపోతే చాలు. ఇది ఎదురుగా నిలబడి ఉన్నంతకాలం నా సంగతి ఎవరికీ తెలియదు. నన్ను మిషన్ దగ్గర నుంచి ఎవరూ తియ్యరు. పంపకపోతే ఆ కాగితం చెల్లకుండా పోతుంది, అంతే, ఇంకేం అక్కర్లేదు. నేను సంతకం పెట్టనని కూడా అనక్కర్లేదు, ఊరికే ఉంటే సరి.

ఆ ఆలోచన నాకు చాలా తియ్యగా ఉంది. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కాని తియ్యగానే ఉంది.

నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగాయి. బ్లేడు తిరగడం ఆగేదాకా చూసి, నేను పలక మీద నీళ్ళు తుడుస్తున్నాను. హీనా తలెత్తి నా భుజం మీదుగా చూసింది. దాని చేతులు లేచాయి.

మేనేజరు, అని చూపించింది. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుంది. తర్వాత అరచెయ్యి నేల వైపు ఒత్తి పట్టింది. ఇక్కడే. ఎప్పటికీ. ఉండమంటున్నారు. చివర్న అరచెయ్యి వెల్లకిలా తిప్పింది. ఏం చెప్పమంటావు?

చెప్పి చేతులు దించేసింది. తలూపితే ఆయనకి అర్థమయ్యేది. తల అడ్డంగా ఊపినా అర్థమయ్యేది. అది రెండూ చెయ్యలేదు. నన్నే చూస్తోంది.

వెనక్కి తిరిగాను. లక్ష్మీకాంత్ గారు రెండడుగుల దూరంలో ఉన్నాడు. పేరయ్య, క్రేను అతను, ఇంకో నలుగురు చుట్టూ ఉన్నారు. కరెంటు లేదు, చప్పుడు లేదు. వినపడకపోవడానికి నాకు ఏ సాకూ లేదు.

"ఉండదండి," అన్నాను. "గుంటూరులో చదువుకుంటుంది. పని కూడా అక్కడే."

ఆయన పెదాలు కదిలాయి. మరి అడిగి పెట్టించావు కదయ్యా, అన్నట్టున్నాడు. నాకు సగమే అందింది. ఊ అనడానికి నోరు తెరిచాను. నోట్లో నుంచి ఇంకో మాట వచ్చింది.

"నాకు వినపడటం లేదండి. ఈ నాలుగు రోజులూ మా అమ్మాయే చెబుతోంది."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను ఒక్కొక్క మొహమే చూశాను. ఒక్కడూ ఆశ్చర్యపోలేదు. క్రేను అతను నేల చూపులు చూస్తున్నాడు. పేరయ్య నా ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"రెండేళ్ళుగా నేను నీ ఎదురుగానే వచ్చి ఎందుకు నిలబడుతున్నాననుకున్నావు బావా? నీ అందం చూట్టానికా?"

పలక అంచు పట్టుకున్నాను.

"మీకు కూడా తెలుసా అండీ?" అని లక్ష్మీకాంత్ గారిని అడిగాను.

ఆయన నా కుడి చెవి దగ్గరకి వచ్చి అరిచాడు. అది వినపడింది. "తెలియనట్టు ఉన్నన్నాళ్ళు నడిచిందయ్యా! నలుగురి ముందు నువ్వే నోటితో అన్నావు. ఇప్పుడు నాకు తెలిసిందని రాసుకోవాలి. రేపు నీ మీద రాయి పడితే నన్ను అడుగుతారు."

ఆ మధ్యాహ్నం నుంచే నన్ను పెరట్లో కడుగుడు పనికి వేశారు. నా మిషన్ పేరయ్య తీసుకున్నాడు. తీసుకుని, రెండు రోజులు నా మొహం చూడలేదు.

ఇంటికి వెళ్ళి రహిమున్నీసాని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, నీకు కూడా తెలుసా అని.

"రెండేళ్ళుగా నేను తిడుతుంటే ఊ అంటున్నావు," అంది. "అంతకుముందు ఒక్క తిట్టన్నా ఊరుకున్నావా?"

నేను దాచానని అనుకున్నది ఒక్క నా దగ్గరే దాగి ఉంది. అందరూ నా చుట్టూ చేరి, నేను చెవులున్నవాణ్ణన్న నాటకం నా కోసం ఆడి పెడుతున్నారు. ఆ నాటకం ఆడనిది ఒక్క హీనాయే. దాని మీద కోపం రావాలి కదా. రాలేదు. మిగిలినవాళ్ళ మీద మాత్రం ఇప్పటికీ ఉంది. వాళ్ళు నా మేలు కోరే చేశారని తెలుసు, అయినా ఉంది.

కాగితం తెమ్మన్నాను. ఈసారి ప్రతి మాటా చదివాను. ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని పిలుస్తుంది, పనిచేసే చోట ఎవరికి తన సంగతి చెప్పాలి. హీనా అన్నీ ముందే నింపి పెట్టింది. ఒక చోట నాకు అర్థం కాక వేలు పెట్టాను. వాళ్ళమ్మ చెప్పబోతే హీనా ఆపి, తనే నాకు సైగలతో చెప్పింది. మూడుసార్లు చెప్పింది. మూడోసారికి అర్థమైంది. సంతకం పెట్టాను.

జూన్ రెండో వారం గుంటూరు తీసుకెళ్ళాను. ఇరుకు సందులో మేడ మీద గది. తలుపు పక్కన మీట నొక్కితే లోపల బల్బు వెలుగుతుంది. గంట మోగితే వాళ్ళకి ఎవరొచ్చారో తెలియదు కదా. నేను కిందికి దిగబోతుంటే హీనా నా చెయ్యి పట్టుకుని ఆ మీట మీద పెట్టించింది. నొక్కాను. లోపలి అమ్మాయిలిద్దరూ ఒకేసారి తలుపు వైపు తిరిగారు.

బస్టాండుకి వచ్చేసరికి ఎండ తీక్షణంగా ఉంది. చిలకలూరిపేట మీదుగా పోయే బస్సు రావలసిన చోట నిలబడ్డాను. ఒక గంటయినా రాలేదు. ఉన్నట్టుండి నా చుట్టూ ఉన్నవాళ్ళంతా సంచులు ఎత్తుకుని పరుగెత్తారు. మైకులో ఏదో చెప్పారన్నమాట. అలాంటప్పుడు నేను కూడా గుంపు వెనక పడి పోయేవాణ్ణి, ఎటు పోయినా సరే. ఒకసారి అలాగే పోయి బాపట్లలో దిగాను.

ఆ రోజు పరుగెత్తలేదు. మిరప బస్తా నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక పెద్దాయనకి అడ్డం వెళ్ళి నిలబడ్డాను.

"నాకు వినపడదండి. మార్టూరు పోవాలి. ఏం చెప్పారు మైకులో?"

ఆయన అరవడానికి నోరు తెరిచి, నా మొహం చూసి, ఆగాడు. బస్తా కిందికి దించాడు. రెండు చేతులూ పైకెత్తి ఏడు వేళ్ళు చూపించాడు.

సరిగ్గా అర్థమైందో లేదోనని నేను కూడా ఏడు వేళ్ళు ఎత్తి చూపించాను. జనం ఆగి చూస్తున్నారు. ఆయన తలూపాడు. బస్తా ఎత్తుకోవడానికి ఒక చెయ్యి వేసి, ఏడో ప్లాట్‌ఫాం వైపు నడిచాను.